కాలేయములో కాపురముండే పురుగు: కావలివారి నీడలోనే పెరిగే దొంగ



నట్టలు అనే మాట తెలియని ఇల్లు మన పల్లెల్లో ఉండదు. పిల్లవాడు నిద్రలో పళ్లు కొరికితే నట్టలేమోనని తల్లి అనుమానపడుతుంది. బడిలో పిల్లలకు నులిపురుగుల బిళ్ల ఇస్తారు. గొర్రెలకు, మేకలకు ఏటా నట్టల మందు తాగిస్తాము. ఏలికపాములనీ, బద్దెపురుగులనీ, కొంకిపురుగులనీ వాటికి పేర్లు కూడ పెట్టుకున్నాము. గొర్రెను కోసినప్పుడు కార్జములో ఆకుల్లా చదునుగా ఉండే జలగలు బయటపడితే ఆ కార్జమును పారవేయడము చాలామంది చూసినదే.

అయితే ఒక ప్రశ్న ఉన్నది. శరీరములో దూరిన చిన్న ముల్లును సైతము మన దేహము ఊరకే విడిచిపెట్టదు. చుట్టూ వాచి, చీము పట్టి, దానిని బయటికి నెట్టేవరకు పోరాడుతుంది. అటువంటి దేహములో వడ్లగింజ పొడవున్న బతికిన పురుగు రక్తనాళములోనే కూర్చుని ఏండ్ల తరబడి ఎలా జీవిస్తున్నది? మన రక్తములోని కావలి కణములు దానిని ఎందుకు చంపలేకపోతున్నాయి?

శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్న వెంట పోయి, ఎదురుచూడని సంగతిని కనుగొన్నారు. ఆ పురుగు కావలివారి నుండి తప్పించుకొని బతకడమే కాదు, కావలివారు లేకపోతే సరిగా పెరగలేదు కూడ. దాని పేరు షిస్టోసోమా. అది తెచ్చే జబ్బును షిస్టోసోమియాసిస్ అనీ, బిల్హార్జియా అనీ పిలుస్తారు. ఆ కథను ఈ నెల మన కుటుంబములు కలిసి చదువుకొందాము.

నైలునది నాటి పాత శత్రువు

ఐగుప్తు దేశమును, నైలునదిని మనము సండేస్కూలు నాటినుండి ఎరుగుదుము. ఆ నది ఒడ్డున సేద్యము చేసిన ప్రజలను వేల ఏండ్లుగా ఈ పురుగు పీడించింది. 1910లో మార్క్ ఆర్మండ్ రఫర్ అనే వైద్యుడు, సుమారు మూడువేల ఏండ్ల నాటి రెండు ఐగుప్తు మమ్మీల మూత్రపిండములలో ఈ పురుగు గుడ్లను కనుగొన్నాడు. పురుగును మొదట కళ్లారా చూసినవాడు థియోడర్ బిల్హార్జ్ అనే జర్మను వైద్యుడు. 1851లో కైరో నగరపు ఆసుపత్రిలో శవపరీక్షలు చేస్తూ రక్తనాళములలో దీనిని కనుగొన్నాడు. బిల్హార్జియా అనే పేరు అలా వచ్చింది.

ఇది పాతకాలపు జబ్బు అనుకొని ఊరుకోవడానికి లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము 2021లో 25 కోట్లకు పైగా ప్రజలకు దీని నివారణ మందు అవసరమైంది. వారిలో నూటికి 90 మంది ఆఫ్రికా ఖండమువారే. చెరువులో ఈతకొట్టే పిల్లలు, బట్టలుతికే స్త్రీలు, వలలు వేసే జాలరులు, పొలములో మోకాలిలోతు నీటిలో నిలబడే రైతులు, వీరికే ఎక్కువగా పట్టే జబ్బు ఇది. మనవంటి కష్టజీవుల జబ్బు అన్నమాట.

నీటినుండి కాలేయానికి

ఈ పురుగులో కొన్ని జాతులున్నాయి. ఇక్కడ మనము చెప్పుకొనేది మాన్సోని అనే జాతి గురించి. ఇది ప్రేగులకు, కాలేయానికి హాని చేస్తుంది. దీని ప్రయాణము ఇలా సాగుతుంది.

జబ్బున్న మనిషి చెరువు గట్టున బహిర్భూమికి కూర్చుంటాడు. మలముతోపాటు పురుగు గుడ్లు నీటిలో కలుస్తాయి. గుడ్డు చిట్లి కంటికి ఆనని పిల్ల బయటికి వచ్చి ఒక జాతి మంచినీటి నత్తను వెదుక్కొని అందులో దూరుతుంది. నత్త కడుపులో ఆ ఒక్కటే వేలకొలది అవుతుంది. కొన్ని వారముల తరువాత, ముఖ్యముగా ఎండ కాసే వేళ, చీలిన తోకలు గల పిల్లలు నత్తలోనుండి నీటిలోకి వస్తాయి. ఎవరైనా ఆ నీటిలో కాలు పెడితే చాలు, కొద్ది నిమిషములలోనే చర్మమును తొలుచుకొని లోపలికి పోతాయి. నీరు తాగనక్కరలేదు, పుండు ఉండనక్కరలేదు.

చర్మము దాటగానే తోక ఊడిపోతుంది. పురుగు పిల్ల రక్తములో కొట్టుకుపోయి ఊపిరితిత్తులను చేరి, అక్కడినుండి కాలేయానికి రక్తమును తెచ్చే పెద్ద సిరలోకి వస్తుంది. ఇదే దాని పెంపకపు ఇల్లు. ఇక్కడే అది రక్తము తాగి పెరిగి పెద్దదవుతుంది. మగ పురుగు దేహము మధ్య కాలువవంటి పల్లము ఉంటుంది. సన్నని ఆడ పురుగు అందులో ఇమిడి జతగా జీవిస్తుంది. మగదానితో జతకూడకపోతే ఆడది పూర్తిగా ఎదగనే ఎదగదు. మగపురుగు తయారుచేసే ఒక రసాయనము ఆడదానిని ఎదిగేటట్లు చేస్తుందని 2022లో అమెరికా పరిశోధకులు కనిపెట్టారు.

జత కుదిరిన తరువాత అవి ప్రేగుల చుట్టూ ఉన్న సన్నని సిరలకు తరలిపోతాయి. ఆడ పురుగు రోజుకు సుమారు 300 గుడ్లు పెడుతుంది. ఒక్కొక్క జత మూడు మొదలు పదేండ్ల వరకు బతుకుతుంది. ముప్పై ఏండ్లకు పైగా బతికిన సందర్భములు కూడ ఉన్నాయి.

కీడు చేసేది గుడ్డు

పెద్ద పురుగువలన కలిగే బాధ స్వల్పమే. అసలు కీడు గుడ్లవలన. పెట్టిన గుడ్లలో ఇంచుమించు సగము మాత్రమే ప్రేగు గోడను దాటి మలములో పడతాయి. మిగిలినవి శరీరములోనే చిక్కుకుపోతాయి. వాటిలో చాలా భాగము రక్తముతో కొట్టుకువచ్చి కాలేయములో ఇరుక్కుంటాయి.

అక్కడ మన కావలి కణములు మేలుకుంటాయి. గుడ్డు చుట్టూ గుంపుగా చేరి గోడ కడతాయి. ఆ చిన్న గడ్డను వైద్యులు గ్రాన్యులోమా అంటారు. గుడ్డు చచ్చిన తరువాత అక్కడ మచ్చ మిగులుతుంది. ఒక మచ్చ అయితే చింత లేదు. ఏండ్ల తరబడి వేలకొలది మచ్చలు పడితే రక్తనాళముల చుట్టూ నారవంటి గట్టి కణజాలము పేరుకుంటుంది. రక్తము పోయే దారి మూసుకుపోయి ప్లీహము పెరుగుతుంది. కడుపులో నీరు చేరుతుంది. అన్నవాహికలోని సిరలు ఉబ్బి పగిలితే మనిషి రక్తము కక్కుకొని ప్రాణము మీదికి తెచ్చుకుంటాడు.

కాబట్టి కాలేయమును గట్టిపరచేది పురుగు పన్నిన గుడ్డే అయినా, ఆ మచ్చలు వేసేది మన రోగనిరోధక కణములే. అలాగని ఆ కణములు లేకపోతే మేలని ఎవరూ అనుకోకూడదు. ఆ కణములు లేని ఎలుకలకు ఈ పురుగును ఎక్కించి చూశారు. గుడ్డు చుట్టూ గోడ లేకపోవడముతో గుడ్డులోనుండి కారే విషపదార్థము చుట్టూ ఉన్న కాలేయ కణములను నేరుగా చంపివేసింది. గోడ కడితే మచ్చ, కట్టకపోతే విషము. మన దేహము ఈ రెండింటిలో తక్కువ కీడును ఎన్నుకొని మనలను కాపాడుతున్నది.

బలహీనమైన ఎలుకలో బలహీనమైన పురుగు

ఇప్పుడు అసలు సంగతికి వద్దాము. రోగనిరోధక శక్తి లేని ఎలుకలో పురుగులు అడ్డూ ఆపూ లేక బలిసి ఉండాలని ఎవరైనా అనుకుంటారు. కావలివాడు లేని తోటలో దొంగకు అడ్డేమున్నది? కాని జరిగింది వేరు.

1992లో జేమ్స్ మెకెరో అనే అమెరికా శాస్త్రజ్ఞుని బృందము ఒక సంగతి ప్రకటించింది. పుట్టుకతోనే రోగనిరోధక కణములు లేని ఎలుకలలో పురుగులు గుడ్లు తక్కువగా పెట్టాయి. మంట, వాపు కలిగించడానికి మన కణములు విడుదలచేసే టి.ఎన్.ఎఫ్. అనే పదార్థమును ఆ ఎలుకలకు ఇవ్వగా గుడ్లు పెరిగాయి. తరువాతి కాలములో, ఆ పదార్థము లేని ఎలుకలలో కూడ పురుగులు గుడ్లు పెట్టగలవని తేలింది. అంటే కారణము ఆ ఒక్క పదార్థము మాత్రమే కాదు. అయినా ఒక తలుపు తెరుచుకున్నది. 1999లో ఫ్రాన్సు దేశపు పరిశోధకులు, లింఫోసైట్ కణములు పెరగడానికి కావలసిన ఇంటర్‌ల్యూకిన్ 7 అనే పదార్థము లేని ఎలుకలలో పురుగులు మరుగుజ్జులుగా మిగిలిపోయాయని చూపించారు.

2001లో స్టీఫెన్ డేవిస్, మెకెరో, వారి తోటివారు కలిసి సైన్స్ అనే పత్రికలో ప్రకటించిన పరిశోధన మరింత స్పష్టమైనది. లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణములు ఏవీ లేని ఎలుకలలో పురుగులు కాలేయానికి చేరుకున్నాయి గాని ఎదుగుదల కుంటుపడింది. చిన్నవిగానే ఉండి గుడ్లు కొద్దిగా పెట్టాయి. ఏ రకపు కణము లోపించినందువలన ఇలా అయిందని వెదకగా, కాలేయములో ఉండే సి.డి.4 కణములని తేలింది.

సి.డి.4 అనే మాట మన పల్లెలకు కొత్తది కాదు. హెచ్.ఐ.వి. సోకినవారికి ఎ.ఆర్.టి. కేంద్రములో లెక్కించే కౌంట్ ఈ కణములదే. ఇవి తామే కత్తి పట్టి యుద్ధము చేసేవి కావు. మిగిలిన కణములకు కబురు పంపి, ఎవరు ఎక్కడికి పోవాలో చెప్పే పెద్దలవంటివి. వీరు క్షీణించినప్పుడు సైన్యమంతా చెదరిపోతుంది. అదే హెచ్.ఐ.వి.లో జరిగేది.

2010లో డేవిస్ బృందము ఇంకొక మెట్టు ఎక్కింది. సి.డి.4 కణములు పురుగును శత్రువుగా గుర్తించనక్కరలేదని వారు కనుగొన్నారు. పురుగుతో ఏ సంబంధమూ లేని వేరొక పదార్థమును మాత్రమే గుర్తించగల సి.డి.4 కణములున్న ఎలుకలలో కూడ పురుగు చక్కగా ఎదిగింది. సి.డి.4 కణములు పురుగుకు నేరుగా తిండి పెట్టడము లేదు. అవి మనలో పుట్టుకతో ఉండే మొదటి వరుస కావలి కణములను చురుకుగా ఉంచుతాయి. ఆ చురుకుదనమే పురుగు ఎదుగుదలకు సూచన అవుతున్నది.

ఒక పోలికతో చెబితే, తోట కావలివాడు రాత్రి ఈల వేస్తాడు. దొంగలను బెదిరించడానికి వేస్తాడు. కాని గట్టు చాటున పొంచియున్న దొంగ ఆ ఈల విని, ఇది కాపలా ఉన్న తోట, అంటే కాయ ఉన్న తోట అని తెలుసుకొని పనికి పూనుకుంటాడు. ఈ పురుగు చేసేది ఇంచుమించు ఇదే.

పురుగుకు దీనివలన లాభమేమి?

ఇందుకు శాస్త్రజ్ఞులు చెప్పే ఊహ ఆలోచింపదగినది. పురుగు గుడ్డుకు కాళ్లు లేవు. సిరలోనుండి ప్రేగు గోడను దాటి బయటపడడానికి దానికి ఇతరుల సాయము కావాలి. గుడ్డు చుట్టూ చేరే మన రోగనిరోధక కణములే, దానిని వెళ్లగొట్టే ప్రయత్నములో, ప్రేగులోకి నెట్టివేస్తాయి. ఆ కణములు లేని ఎలుకల మలములో గుడ్లు చాలా తక్కువగా కనబడతాయని 1970లలోనే మైకేల్ డోన్‌హాఫ్ అనే బ్రిటిషు శాస్త్రజ్ఞుడు చూపించాడు.

కనుక రోగనిరోధక శక్తి లేని దేహములో పురుగు వేలకొలది గుడ్లు పెట్టి ప్రయోజనము లేదు. గుడ్లు బయటికి పోవు. పైగా వాటి విషమువలన ఆతిథ్యమిచ్చిన దేహమే నశిస్తుంది, దానితో పురుగూ నశిస్తుంది. అందుచేత దేహపు కావలి చురుకుగా ఉన్నదో లేదో తెలుసుకొని దాని ప్రకారము ఎదిగే పురుగులే తరతరాలుగా నిలిచి ఉంటాయని వారి ఊహ.

కిసుము ఊరిలో కార్లు కడిగేవారు

ఇదంతా ఎలుకల ముచ్చట, మనుష్యుల మాటేమిటి అని మీరు అడగవచ్చు. కెన్యా దేశములో విక్టోరియా సరస్సు ఒడ్డున కిసుము అనే పట్టణమున్నది. అక్కడ కొందరు పురుషులు సరస్సు నీటిలో దిగి నిలబడి కార్లు కడిగి పొట్టపోసుకుంటారు. రోజంతా నీటిలోనే పని గనుక ఈ పురుగు వారిని విడిచిపెట్టదు. వారిలో కొందరికి హెచ్.ఐ.వి. కూడ ఉన్నది.

1997లో డయానా కరంజా, ఇవాన్ సెకోర్ మొదలైనవారు ఆ కార్మికులను పరీక్షించి వివరములు ప్రకటించారు. హెచ్.ఐ.వి. ఉన్నవారి మలములో గుడ్లు తక్కువగా ఉన్నాయి. సి.డి.4 కణములు తగ్గేకొలది బయటికి వచ్చే గుడ్లు కూడ తగ్గాయి. గుడ్డు బయటికి పోవడానికి మనుష్యులలో సైతము రోగనిరోధక కణములు తోడ్పడుతున్నాయని దీనివలన తెలిసింది. వైద్యులకు ఇందులో ఒక హెచ్చరిక ఉన్నది. మలపరీక్షలో గుడ్లు కొద్దిగానే ఉన్నవి గదా అని నిర్లక్ష్యము చేస్తే, రోగనిరోధక శక్తి తగ్గిన మనిషి విషయములో పొరబడవచ్చు.

అదే కార్మికులలో 2002లో ప్రకటించిన మరియొక పరిశోధన రెండవ వైపును చూపించింది. మందు వేసి పురుగును పోగొట్టిన తరువాత వారు మరల అదే నీటిలో దిగారు. సి.డి.4 కణములు తక్కువగా ఉన్నవారికి పురుగు త్వరగా తిరిగి పట్టింది. బాగా ఉన్నవారిలో కొందరు ఎక్కువ కాలము నిలదొక్కుకున్నారు. పురుగు వాడుకొనే కణములే కొత్త పురుగు రాకుండ అడ్డుపడుతున్నాయి. కాబట్టి రోగనిరోధక శక్తి మనకు శత్రువు కాదు. ఆ శక్తి నీడలో తలదాచుకొనే శత్రువు ఒకటి ఉన్నదన్నమాట.

మందు ఉన్నది

ఈ జబ్బుకు 1970లలో జర్మనీలోని బేయర్, మెర్క్ సంస్థలు కనిపెట్టిన ప్రాజిక్వాంటెల్ అనే బిళ్ల ఉన్నది. మనిషి బరువులో ప్రతి కిలోకు 40 మిల్లీగ్రాముల లెక్కన, సాధారణముగా ఒకే రోజున ఇస్తారు. ఇక్కడ కూడ మన కావలి కణముల పాత్ర ఉన్నది. మందు పురుగు చర్మమును దెబ్బతీస్తుంది. అంతవరకు దాగియున్న దాని భాగములు బయటపడగానే మన రక్తములోని ప్రతిరక్షకములు వాటిని పట్టుకుంటాయి. ప్రతిరక్షకములు లేని ఎలుకలలో ఈ మందు సరిగా పనిచేయలేదని 1980లలో తెలిసింది. అయితే కిసుము కార్మికులలో హెచ్.ఐ.వి. ఉన్నవారికి సైతము మందు బాగానే పనిచేసింది. ఇది ఎంతో ఆదరణ కలిగించే సంగతి.

ఈ మందుకు కొన్ని హద్దులున్నాయి. కాలేయములో ఇంకా ఎదుగుతున్న పిల్ల పురుగులను ఇది సరిగా చంపలేదు. మందు వేసుకొని మరల చెరువులో దిగితే మరల పురుగు పడుతుంది. చిన్న బిడ్డలకు సరిపడే మందు చాలాకాలము లేదు. మూడు నెలలు మొదలు ఆరేండ్ల వరకు ఉన్న పిల్లల కొరకు తయారుచేసిన ఆర్‌ప్రాజిక్వాంటెల్‌కు 2023 డిసెంబరులో ఐరోపా మందుల సంస్థ అనుకూల అభిప్రాయము తెలిపింది. వాడుకలోకి వచ్చిన టీకా మాత్రము ఇంకా లేదు. పురుగు మన కణములనుండి ఏ సూచన అందుకుంటున్నదో పూర్తిగా తెలిస్తే, ఆ సూచనను అడ్డగించి పురుగును ఎదగనీయకుండ చేయవచ్చునని పరిశోధకుల ఆశ.

మన పల్లెల సంగతి

మన దేశములో మనుష్యులకు ఈ జబ్బు విస్తారముగా లేదు. 1952లో మహారాష్ట్రలోని రత్నగిరి జిల్లా గిమ్వి గ్రామములో మూత్రములో రక్తము పడే రకపు షిస్టోసోమియాసిస్‌ను వైద్యులు గుర్తించారు. మన పశువులకు మాత్రము ఈ కుటుంబపు పురుగులు పడతాయి. ఒక జాతి పశువుల ముక్కు సిరలలో చేరి గురక పుట్టిస్తుంది. ఆ పశువుల పురుగు పిల్లలు నాట్లు వేసేవారి కాళ్లలో దూరబోయి అక్కడే చచ్చిపోవడమువలన దురద, దద్దురు కలుగుతాయి. గొర్రె కార్జములోని జలగ వేరే కుటుంబమునకు చెందినదైనా దానికి కూడ నత్తే మధ్య ఇల్లు.

ఇలాంటి పురుగును ఒక దేశము తరిమివేయగలదా? జపాను తరిమివేసింది. అక్కడి కోఫు లోయలో వరి రైతుల పొట్టలు ఉబ్బి చనిపోయేవారు. 1913లో మియైరి, సుజుకి అనే ఇద్దరు, పురుగు నత్తలోనుండి వస్తున్నదని కనుగొన్నారు. తరువాత రైతులు, అధికారులు కలిసి దశాబ్దముల తరబడి నత్తలను ఏరారు, పొలము కాలువలకు సిమెంటు కట్టారు. 1996లో ఆ ప్రాంతము జబ్బునుండి విముక్తి పొందినదని ప్రకటించారు. ఓపిక, ఐకమత్యము ఎంత పని చేస్తాయో చూడండి.

ఇంటివారు గుర్తుంచుకోవలసినవి

1. చెరువు గట్టున, కాలువ ఒడ్డున బహిర్భూమికి పోవద్దు. పిల్లల మలమును కూడ మరుగుదొడ్డిలోనే వేయండి. పురుగు గొలుసు తెగేది అక్కడే.

2. పశువులను, గొర్రెలను నత్తలు ఎక్కువగా ఉన్న మడుగులలో నీళ్లు తాగనీయకండి. పశువైద్యుడు చెప్పిన కాలమునకు నట్టల మందు తప్పక తాగించండి.

3. నాట్ల కాలములో కాళ్లకు దద్దురు, దురద వస్తే నీటినుండి బయటికి రాగానే మంచి నీటితో కడిగి గుడ్డతో గట్టిగా తుడుచుకోండి. తగ్గకపోతే వైద్యునికి చూపించండి.

4. మీ బిడ్డలు, బంధువులు పనికొరకు ఉగాండా, టాంజానియా, కెన్యా, మలావి వంటి దేశములకు పోతూ ఉంటే, అక్కడి సరస్సులలో, మంచినీటి కాలువలలో స్నానము చేయవద్దని చెప్పండి. తిరిగి వచ్చిన తరువాత జ్వరము, రక్త విరేచనములు, మూత్రములో రక్తము కనబడితే తాము ఏ దేశములో, ఏ నీటిలో దిగారో వైద్యునికి తప్పక చెప్పాలి. చెప్పకపోతే మన ఊరి వైద్యునికి ఈ జబ్బు తట్టకపోవచ్చు.

5. హెచ్.ఐ.వి. ఉన్నవారు ఎ.ఆర్.టి. మందులు మానవద్దు. సి.డి.4 కణములను కాపాడుకోవడము అన్ని జబ్బుల విషయములో మేలు.

6. బడిలో ఇచ్చే నులిపురుగుల బిళ్ల మంచిదే. అయితే అది ప్రేగులలోని పురుగులకు మాత్రమే, ఈ రక్తపు పురుగుకు కాదు.

మన కావలివారి నీడలో పెరిగే ఈ పురుగుకు కూడ ఒక బలహీనత ఉన్నది. ఎంత తెలివిగలదైనా అది మలము, నీరు, నత్త అనే మూడు మెట్లు ఎక్కకుండ మన కాలేయమును చేరలేదు. మొదటి మెట్టును తీసివేయడము ప్రయోగశాలలో ఉన్నవారి పని కాదు, మన పని. మన ఇంటి మరుగుదొడ్డి తలుపు దగ్గరే, చెరువు దిగువనున్న పొరుగువాని బిడ్డ కాలేయము కాపాడబడుతుంది.